పాత ఐ7 కొనాలా, కొత్త ఐ3 కొనాలా? (కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు)

వేసవి సెలవులు దగ్గరపడే కొద్దీ ఎమ్యులేటర్ల మీద ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈ నెల ఆరు తీసుకున్నాను. కొత్తగా చదివేవారికి ఒక్క మాట. ఎమ్యులేటర్ అంటే మన కంప్యూటర్‌కి టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్ల వేషం, అంటే ప్లేస్టేషన్ (పొట్టిగా పీఎస్; పీఎస్2 అంటే రెండోది) వేషమో, గేమ్‌క్యూబ్ వేషమో కట్టించే సాఫ్ట్‌వేర్. ఆ మెషీన్ కోసం రాసిన గేమ్, అసలు మెషీన్‌లోనే ఉన్నానని నమ్మి నడుస్తుంది.

ప్రశ్న: సార్, నేను కావలిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పీఎస్2, గేమ్‌క్యూబ్ గేములు ఆడుకోవడానికి కంప్యూటర్ కొనాలి. ఒకచోట ఆఫీసులో వాడి తీసేసిన ఐ7-2600 ఉంది, 3.4 గిగాహెర్ట్జ్. ఇంకోచోట ఐ3-12100 ఉంది, 3.3 గిగాహెర్ట్జ్. దానికి దాదాపు రెట్టింపు అవుతుంది. ఐ7 పెద్దది కదా, స్పీడ్ కూడా ఎక్కువే కదా అని మా నాన్న అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: తమ్ముడూ, ఐ3 తీసుకో. రెట్టింపు డబ్బు ఎందుకు పెట్టాలో మీ నాన్నగారికి నువ్వు చెప్పగలిగేలా కాస్త వివరంగా రాస్తాను.

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒక ఏటి పంటలో రకాల పేర్లు. అది ఏ ఏటి పంట అన్నది పక్కనున్న అంకె చెబుతుంది. 2600లో మొదటి 2 అంటే రెండో తరం, అది 2011లో వచ్చింది. 12100లో 12 అంటే పన్నెండో తరం, అది 2022 మొదట్లో వచ్చింది. మధ్యలో పదకొండేళ్లున్నాయి. రెండింటికీ నాలుగేసి కోర్లే, ఎనిమిదేసి థ్రెడ్లే. కోరు అంటే ప్రాసెసర్ లోపల పనిచేసే మనిషి అనుకో, థ్రెడ్ అంటే అతను చూసుకునే ఒక పని వరుస. బరువు పడినప్పుడు ఐ7 3.8 దాకా, ఐ3 4.3 దాకా ఎగబాకుతాయి. ఆ తేడా పక్కన పెట్టు. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి వంద కోట్ల టిక్కులు. ఒక్కో టిక్కులో కోరు ఎంత పని పూర్తిచేస్తుందన్నది తరతరానికీ పెరుగుతూ వచ్చింది, అసలు తేడా అక్కడుంది.

2007లో నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో మా షాపు బల్ల మీద రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టాను. ఒకటి పెంటియం 4, 3 గిగాహెర్ట్జ్. రెండోది అప్పుడే వచ్చిన కోర్ 2 డ్యూయో, 1.86 మాత్రమే. రెండింట్లో ఒకే పీఎస్2 గేమ్ వేశాను. ఫుల్ స్పీడ్ రెండింట్లోనూ రాలేదు. కానీ పెంటియం 4లో గేమ్ మొదట్లో వచ్చే సంగీతం, బ్యాటరీలు అయిపోయిన టేప్ రికార్డర్‌లో పాటలా సాగి సాగి వచ్చింది. 1.86 దాంట్లో అదే సంగీతం, నెమ్మదిగానే అయినా, ఏ ట్యూనో పోల్చుకునేలా వచ్చింది. మా దగ్గర పనిచేసే కుర్రాడు నమ్మలేక డబ్బా వంచి స్టిక్కర్ మీద అంకె మళ్లీ చదివాడు. ఆ రోజు నుంచి గిగాహెర్ట్జ్ ఒక్కటే చూసి ఎవరికీ ప్రాసెసర్ చెప్పలేదు.

ఇలా ఎందుకవుతుందో చూద్దాం. పీఎస్2 ముఖ్య ప్రాసెసర్ వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్. గేమ్‌క్యూబ్‌ది 485. మన 3,400 ముందు అవెంత అనిపిస్తుంది. కానీ ఆ ప్రాసెసర్ల భాష వేరు, మనదాని భాష వేరు. మధ్యలో ఎమ్యులేటర్ దుబాసీలా కూర్చుని ప్రతి ముక్కనీ మార్చి చెప్పాలి. అక్కడి ఒక ఆదేశానికి ఇక్కడ చాలా ఆదేశాలు పడతాయి. మంచి ఎమ్యులేటర్లు ఒకసారి మార్చిన ముక్కని దాచిపెట్టుకుని మళ్లీ వాడతాయి, లేకపోతే అసలు నడవదు. దానికి తోడు గ్రాఫిక్స్ చిప్పు, సౌండ్ చిప్పు, పీఎస్2లో అయితే బొమ్మల లెక్కలు చేసే రెండు వెక్టర్ యూనిట్లు, అన్నీ ఒకే తాళంలో కదలాలి. సెకనుకి 60 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకి 16.7 మిల్లీసెకన్లే టైం. ఆలస్యమైతే మొదట తెలిసేది చెవికే. సౌండ్ పగులుతుంది.

ఈ పనిని కోర్లన్నిటికీ పంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. బావి తవ్వేటప్పుడు అడుగున ఒక్కరికే చోటుంటే, పైన పదిమంది పారలు పట్టుకుని నిలబడ్డా లోతు పెరగదు కదా. తర్వాతి అడుగు ఎటు పడాలో ముందు అడుగు పడితేగానీ తెలియదు. అందుకే పీఎస్2 ఎమ్యులేటర్ పీసీఎస్ఎక్స్2లో బరువంతా రెండు మూడు థ్రెడ్ల మీదే ఉంటుంది. గేమ్‌క్యూబ్‌ది డాల్ఫిన్, అదీ అంతే. ఒక్క కోరు ఎంత గట్టిదన్నదే లెక్క.

ఆ ఒక్క కోరు గట్టిదనం దేంట్లో ఉంటుందో కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. ప్రాసెసర్‌లో ఒక్కో ఆదేశం వరుసగా కొన్ని మెట్లెక్కితేనే పూర్తవుతుంది. అది పూర్తయ్యేదాకా ప్రాసెసర్ ఆగదు. ముందు ఎటు వెళ్లాలో ఊహించి పని మొదలుపెట్టేస్తుంది. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే బస్సులో కండక్టర్ రోజూ వచ్చేవాళ్ల మొహం చూసి, అడగకుండానే టికెట్టు చేతిలో పెడతాడు. మామూలు ప్రోగ్రాముల్లో ఎక్కువమంది రోజువారీ ప్రయాణికులే. ఎమ్యులేటర్ మాత్రం రొట్టెల పండగ నాటి బస్సు. ఎక్కినవాళ్లెవరో, ఎక్కడ దిగుతారో తెలియదు. మార్చిన ముక్క ఒకటి అయిపోగానే తర్వాతి ముక్క ఎక్కడుందో వెతుక్కుంటూ గెంతాలి, ఆ గెంతు ప్రతిసారీ ఒకే చోటికి ఉండదు. ఊహ తప్పితే అప్పటిదాకా మొదలుపెట్టిన పని అంతా పారబోసి మళ్లీ మొదటి మెట్టు ఎక్కాలి. ఆనాటి పెంటియం 4 ప్రెస్కాట్ రకంలో అలాంటి మెట్లు 31. కోర్ 2లో 14. మా బల్ల మీద సంగీతం సాగిపోయిందంటే ఆ మెట్ల బరువు అందులో చాలా ఉంది.

2013లో వచ్చిన నాలుగో తరం, హాస్వెల్ అంటారు, ఇలాంటి గెంతులు ఊహించడంలో బాగా ఆరితేరింది. ఆఫీసు పనుల్లో మూడో తరానికీ దానికీ తేడా పెద్దగా కనపడలేదు. డాల్ఫిన్ ఆడేవాళ్లు మాత్రం వెంటనే పట్టేశారు. ఒకేసారి చాలా అంకెల్ని లెక్కించే ఏవీఎక్స్2 అనే కొత్త ఆదేశాలు కూడా ఆ తరంతోనే మొదలు. నీకు చూపించిన ఐ7-2600 దానికంటే రెండు తరాలు ముందుది, ఇవేవీ దాంట్లో లేవు. దాని లోపలి గ్రాఫిక్స్‌కి డైరెక్ట్ఎక్స్ 11 లేదు, వల్కన్ లేదు. ఇవి గేములు గ్రాఫిక్స్ చిప్పుతో మాట్లాడే పద్ధతులు. ఇప్పటి ఎమ్యులేటర్ల కోసం విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాల్సి వస్తుంది. అప్పుడు నువ్వు మిగిల్చానుకున్న డబ్బు అక్కడికే పోతుంది.

కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకో. బాక్స్ మీద 12100 తర్వాత ‘ఎఫ్’ అక్షరం ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా మానిటర్ మీద బొమ్మ రాదు. ఎఫ్ లేనిదే అడుగు. ఇక ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్కు వద్దు. ఎనిమిదేసి రెండు స్టిక్కులు వేయించు. లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు దారులుంటే దానికి ఊపిరి ఆడుతుంది.

ప్రశ్న: నా దగ్గర సొంత పీఎస్2 డిస్కులున్నాయి. మంచి ప్రాసెసరే, అయినా ఎమ్యులేటర్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మలు) 50 దగ్గర ఆగిపోతోంది. 60 రావాలంటే ఇంకెంత పెద్ద ప్రాసెసర్ కావాలి? ఎమ్యులేటర్ అడిగే బయోస్ ఫైల్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?
– ఒక ఉద్యోగి, నెల్లూరు

జవాబు: ఏ ప్రాసెసర్ పెట్టినా 60 రాదండీ, రానక్కర్లేదు కూడా. మన దేశంలో అమ్మిన పీఎస్2 డిస్కులు పాల్ అనే టీవీ పద్ధతివి. వాటికి 50 అంటేనే పూర్తి వేగం. ఎఫ్‌పీఎస్ పక్కన స్పీడ్ శాతం కనపడుతుంది, అది 100 చూపిస్తుంటే నిశ్చింతగా ఆడుకోండి. కొన్ని గేముల్లో మొదట్లోనే 50 కావాలా 60 కావాలా అని అడుగుతుంది, అలాంటివాటిలో 60 ఎంచుకోవచ్చు. బయోస్ ఫైల్ సంగతి కూడా అడిగారు. అది పీఎస్2 ఆన్ కాగానే మొదట నడిచే లోపలి సాఫ్ట్‌వేర్. మీ ఇంట్లో ఉన్న పీఎస్2 నుంచే తీసుకోండి, దారిన పోయే సైట్ల నుంచి వద్దు. అలా తెచ్చుకున్న ఫైళ్లతో వైరస్ పట్టిన కంప్యూటర్లు మా షాపుకి వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: అన్నా, మీరు పోయినేడాది చెప్పినట్టే నాలుగు కోర్ల కొత్త ఐ3 కొన్నాను. పీఎస్2 అద్భుతంగా వస్తోంది. పీఎస్3 మాత్రం ముక్కుతూ మూలుగుతూ నడుస్తోంది. ఒక్క కోరే ముఖ్యమన్నారు కదా?
– బీటెక్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: పీఎస్2 దాకా ఆ మాట నిజం తమ్ముడూ. పీఎస్3 దగ్గర లెక్క మారుతుంది. 2006లో వచ్చిన ఆ మెషీన్‌లో సెల్ అనే ప్రాసెసర్ ఉంది. వేగం 3.2 గిగాహెర్ట్జ్, అంటే ఇక్కడ మనకి పదింతల వేగం అనే ఆసరా లేదు. అందులో ఒక పెద్ద కోరు, దాని కింద ఎస్‌పీఈ అనే ఎనిమిది చిన్న కోర్లు. ఎనిమిదిలో ఒకటి పనిచేయకుండా ఆపేశారు, ఒకటి సిస్టమ్ కోసం ఉంచారు, ఆరు గేముకి ఇచ్చారు. ఒక్కో చిన్న కోరుకి సొంతంగా 256 కేబీ మెమరీ, 128 బిట్ల వెడల్పున్న రిజిస్టర్లు 128. రిజిస్టర్ అంటే లెక్క చేసేటప్పుడు అంకె చేతిలో పట్టుకునే చోటు. మన ఏవీఎక్స్2లో అలాంటి చోట్లు 16 మాత్రమే. ఎనిమిది పళ్లేలు పట్టుకోగలిగిన సర్వర్ చేసే పనిని ఒక్క పళ్లెం పట్టుకునే మనిషితో చేయిస్తున్నట్టుంటుంది. మిగతావన్నీ మెమరీలో దించడం, ఎత్తడం, ఇదే సరిపోతుంది.

కాబట్టి ఇక్కడ కోర్లూ కావాలి, కోరు గట్టిదనమూ కావాలి. పీఎస్3 ఎమ్యులేటర్ ఆర్‌పీసీఎస్3 పెద్ద గేములకి ఆరు నుంచి ఎనిమిది కోర్లుంటేనే తెరిపిన పడుతుంది. ఏవీఎక్స్-512 అనే ఆదేశాలు కూడా దీనికి బాగా పనికొస్తాయి. వాటిలో చోట్లు 32, సెల్ చేసే పనులకి సరిగ్గా కుదిరే ఆదేశాలు కొన్ని ఉన్నాయి. దీని చరిత్ర తలుచుకుంటే నాకు బాధేస్తుంది. 2021 చివర్లో ఇంటెల్ పన్నెండో తరం వచ్చినప్పుడు కొన్ని మదర్‌బోర్డుల్లో చిన్న కోర్లు ఆపేస్తే ఏవీఎక్స్-512 పనిచేసేది. ఎమ్యులేటర్ ఆడేవాళ్లు సంబరపడ్డారు. తర్వాత ఇంటెల్ దాన్ని పూర్తిగా మూసేసింది. ఏఎండీ మాత్రం 2022లో రైజెన్ 7000 వరుసతో వాటిని ఇచ్చింది. కొత్త తరం అంటే అన్నీ పెరుగుతాయని అనుకోకూడదు, ఒక్కోసారి చేతిలో ఉన్నది కూడా పోతుంది. స్పెసిఫికేషన్ చదవాలి.

నీ ఐ3 అమ్మేయనక్కర్లేదు. అదే మదర్‌బోర్డులో తర్వాతెప్పుడైనా ఐ5 పెట్టుకోవచ్చు. అన్నట్టు, పీఎస్3 గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు చాలాసేపు ఏదో కంపైల్ అవుతూ ఉంటుంది. హ్యాంగయిందని ఆపేయకు. గేమ్ ముక్కలన్నీ అప్పుడే మన భాషలోకి మారుస్తోంది, రెండోసారి నుంచి త్వరగా తెరుచుకుంటుంది.

ప్రశ్న: మాది చీమకుర్తి. నాది ఐ5-8250యూ లాప్‌టాప్. డాల్ఫిన్‌లో గేమ్ మొదటి పది నిమిషాలు చక్కగా ఉంటుంది. తర్వాత సౌండ్ తెగిపోతూ, బొమ్మ నత్త నడకలా అవుతుంది. ఎనిమిదో తరం పాతదైపోయిందా, మార్చేయాలా?
– ఒక పాఠకుడు

జవాబు: మార్చకండి. మొదటి పది నిమిషాలు బాగా నడిచిందంటే ప్రాసెసర్ ఆ పనికి సరిపోతుందనే అర్థం. తర్వాత దాన్ని అడ్డుకునేది వేడి.

మీ ఊరి నుంచి వచ్చిన లాప్‌టాప్ ఒకటి ఆ మధ్య మా బల్ల మీద విప్పాను. ఫ్యాన్ రెక్కలు మాములుగానే కనిపించాయి. ఫ్యాన్ మొత్తం పైకి లేపితే, దానికీ రాగి రేకుల వరుసకీ మధ్య బూడిద రంగు పొర ఒకటి, పాత కంబళి ముక్కలా, పట్టకారుతో ఒకే షీటుగా ఊడి వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే గరగర. గ్రానైట్ దుమ్ము. ఇంట్లో పేరుకునే మెత్తటి దుమ్ములా ఉండదు, తేమ తగిలితే గట్టిపడిపోతుంది. గాలి పోవడానికి సందు లేదు, వేడి ఎటు పోవాలి? ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. రోహిణి కార్తెలో గదే నలభై డిగ్రీలుంటే అది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆ లాప్‌టాప్‌కి దుమ్ము తీసి, ప్రాసెసర్ వేడిని బయటికి అందించే పేస్టు ఎండి పెంకులు కట్టి ఉంటే తుడిచి కొత్తది పెట్టాం, అంతే. వాళ్లబ్బాయి అక్కడే కూర్చుని గంటసేపు ఆడి తీసుకెళ్లాడు.

మీరూ ముందు ఆ పని చేయించండి. ఇంట్లో బ్లోయర్ కొడితే ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకుని కొట్టండి, గిర్రున తిరగనిస్తే బేరింగు పోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ‘యూ’ అక్షరం 15 వాట్లకి కట్టుబడిన ప్రాసెసర్ అని చెబుతుంది. మామూలు వేగం 1.6, ఎగబాకితే 3.4 గిగాహెర్ట్జ్. ఆ 15 వాట్లనీ లోపలి గ్రాఫిక్స్ కూడా పంచుకుంటుంది. డాల్ఫిన్‌లో బొమ్మ స్పష్టంగా ఉండాలని రెజల్యూషన్ మూడింతలు పెట్టి ఉంటారు. అప్పుడు గ్రాఫిక్స్ ఎక్కువ కరెంటు లాగేసుకుని కోరుకి తక్కువ మిగుల్చుతుంది, దాంతో గేమ్ వేగమే పడిపోతుంది. అసలు రెజల్యూషన్‌కి దించి చూడండి. చార్జర్ పెట్టే ఆడండి. లాప్‌టాప్ వెనక వైపు రెండు సీసా మూతలు ఎత్తుగా పెట్టినా గాలి ఆడుతుంది. ఇదే ఐ5 పేరుతో ‘హెచ్’ అక్షరమున్నవి 45 వాట్లవి. ఈసారి కొనేటప్పుడు తరంతో పాటు ఆ చివరి అక్షరం కూడా చూడండి.

ప్రశ్న: నా ఫోన్‌లో ఎనిమిది కోర్లున్నాయి, 2 గిగాహెర్ట్జ్, స్నాప్‌డ్రాగన్ 625. పీఎస్2 ఎందుకు రాదు?
– ఇంటర్ విద్యార్థి, ఆత్మకూరు

జవాబు: ఆ ఎనిమిదీ కార్టెక్స్-ఏ53 అనే చిన్న కోర్లే నాయనా. బ్యాటరీ ఆదా చేయడం వాటి పని. పైన కావలి కుర్రాడికి చెప్పిన బావి లెక్కే నీదీ. ఫోన్‌లో పీఎస్2 కావాలంటే కనీసం ఒకటి రెండు పెద్ద కోర్లున్న చిప్పు ఉండాలి. నీ ఫోన్‌లో పీఎస్పీ (చేత్తో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్) గేములు పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్‌లో చాలావరకు బాగానే వస్తాయి, పీఎస్1 అయితే దిగులే లేదు. పరీక్షలయ్యాక.

ప్రశ్న: మా చిన్నప్పుడు అన్నా నేనూ టీవీకి తగిలించే క్యాసెట్ వీడియో గేమ్ ఆడేవాళ్లం. అది మా పాపకి చూపించాలని ఉంది. ఇంట్లో పాత కోర్ 2 డ్యూయో కంప్యూటర్ మూలన పడి ఉంది. సరిపోతుందా? ఒక స్నేహితురాలి ఇంట్లో టీవీకి కలిపి ఆడితే మారియో ఎగరాల్సినప్పుడు ఎగరక గుంటలో పడిపోతున్నాడు, నాకు చేయి తిరగడం పోయిందా అనిపించింది.
– ఒక గృహిణి, కోవూరు

జవాబు: సరిపోతుందమ్మా, పైసా ఖర్చు లేదు. మీరు ఆడింది నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే గేమ్ మెషీన్‌కి నకలుగా వచ్చిన మెషీన్ అయి ఉంటుంది, నేనూ అదే ఆడాను. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. దాని ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్. మీ కోర్ 2 డ్యూయోకి అది బరువే కాదు.

మీ చేయి కూడా ఎక్కడికీ పోలేదు. అప్పటి డబ్బా టీవీల్లో మెషీన్ పంపిన బొమ్మ పంపినట్టే తెర మీద పడేది. ఇప్పటి టీవీలు బొమ్మని మెరుగులు దిద్ది, ఆ తర్వాత చూపిస్తాయి. మీరు బటన్ నొక్కిన క్షణానికీ మారియో కాలు లేచే క్షణానికీ మధ్య ఆ ఆలస్యం చేరుతుంది. గుంట అంచున అంత చాలు. టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ ఉంటుంది, ముందు అది ఆన్ చేయండి.

అప్పటికీ తేడా తెలుస్తుంటే రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్‌లో ‘రన్ అహెడ్’ అని ఒకటి ఉంది, 2018లో వచ్చింది. గేము తనలో తాను ఒకటి రెండు బొమ్మల ఆలస్యం పెట్టుకుంటుంది. ఇది ఏం చేస్తుందంటే, ఉన్న స్థితిని దాచుకుని, గేముని ముందుకు నడిపి ఆ ముందు బొమ్మ మీకు చూపించి, మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. సెకనుకి 60 సార్లు. పని రెట్టింపు అవుతుంది కాబట్టి పెద్ద గేములకి కొత్త తరం ప్రాసెసర్ కావాలి. ఈ క్యాసెట్ గేములకి మీ పాతదే చాలు, ఒక్క ఫ్రేమ్ (అంటే ఒక్క బొమ్మ) పెట్టి చూడండి, ఎక్కువ పెడితే మారియో గెంతుతున్నట్టు కనిపిస్తాడు.

కీబోర్డు మీద ఆడనివ్వకండి, పాపకి వేళ్లు అందవు. యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లు రెండు తెచ్చుకోండి. మీ అన్నయ్య ఇంటికొచ్చినప్పుడు ఒకటి చాలదు.